నారింజ పూల కాలంలో హాజరు పట్టీ

ఏప్రిల్ వచ్చిందంటే మా ఊరు సగం నిద్రలో నడుస్తుంది. ఇంకా వెలుగు రాకముందే నారింజ తోటల్లోంచి పూల వాసన లేచి, సముద్రం మీది మంచుతో కలిసి, సందుల్లోకి నీళ్లలా పారుతుంది. కిటికీలు మూసినా ఆగదు. తలుపు కిందినుంచి దూరి, మంచం కోళ్లు పట్టుకుని పైకెక్కుతుంది. పిండి పిసుకుతున్న చెయ్యి మధ్యలో ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో చేతికే తెలియదు. బేరమాడుతున్నవాడు ఏం కొనడానికొచ్చాడో మరిచిపోతాడు. మసీదు గడియారం కూడా ఆ నెలలో రెండు నిమిషాలు వెనకబడుతుందని నా నమ్మకం.

ఊరంతా అలా తేలిపోతుంటే కాళ్లు నేలకి ఆనించి నిలబడే మనిషి ఒక్కతే ఉంది. నజీహా.

నజీహా మా మిడిల్ స్కూల్లో హాజరు చూసే మనిషి. పాఠం చెప్పదు. గేటు దగ్గర నిలబడి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, రానివాళ్లు ఎందుకు రాలేదు అని పెద్ద పట్టీలో రాసుకోవడం ఆమె ఉద్యోగం. ఎనిమిదికి మొదటి గంట. ఎనిమిదీ ఐదుకి రెండో గంట, గేటు మూత. ఆరో నిమిషంలో సుల్తానుగారి కూతురొచ్చినా గేటు తెరుచుకోదు. పిల్లలు ఆమెకి పెట్టిన పేరు కూడా అదే. ఆమె సందు మలుపు తిరగ్గానే, "ఒరేయ్, ఎనిమిదీ ఐదొస్తోంది!" అని అరుచుకుంటూ పరిగెత్తుతారు. ఆమెకి వినిపిస్తుంది. నడక మారదు.

యాభై దగ్గర పడుతున్న మనిషి. పొడుగు, బక్కపలుచన. గడియారం ఎడమ మణికట్టు లోపలివైపు కట్టుకుంటుంది. మధ్యాహ్నం గేటు పక్క బల్ల మీద కూర్చుని ఉడికించిన గుడ్డు, రొట్టె, నాలుగు ఆలివు కాయలు తింటుంది. నాలుగంటే నాలుగే. నేను లెక్కపెట్టాను. మా సందులో మా ఇంటికి ఎదురిల్లు ఆమెది. ఎదురింటి సంగతి తెలియకపోతే నాకు రొట్టె సహించదు. పెళ్లెందుకు చేసుకోలేదని మూడుసార్లు అడిగాను. మొదటిసారి నవ్వింది. రెండోసారి, "తీరిక దొరకలేదు, ఉమ్మీ మన్నూబియా" అంది. (ఉమ్మీ అంటే అమ్మా అని; సందులో చాలామంది నన్ను అలాగే పిలుస్తారు.) మూడోసారి నా సొంత మనవరాలు ఆ ఏడు ఎన్ని పూటలు బడి ఎగ్గొట్టిందో తేదీలతో సహా చెప్పింది. నాలుగోసారి నేను అడగలేదు.

అంతకంటే పెద్ద చిక్కుముడి ఇంకొకటుంది. మా సందులో పదకొండిళ్లు. పూల నెలలో పదింట్లో రాగి కాగులు పొయ్యెక్కుతాయి. కాగులో పూలు, నీళ్లు. నెత్తిన మూత, మూతకో గొట్టం. గొట్టం చివర గడ్డి అల్లిన గాజు కూజా. చుక్క చుక్కగా పూలనీరు దిగుతుంటే ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఏడాది పొడుగునా కాఫీలోకి, మిఠాయిలోకి, పిల్లల కడుపునొప్పికి ఆ నీళ్లే. పదకొండో ఇల్లు నజీహాది. ఆమె వచ్చి చేరిన ఇరవై రెండేళ్లలో ఆ ఇంట్లోంచి ఒక్కసారైనా ఆవిరి లేవలేదు. నేను కూజా పట్టుకెళ్లి ఇస్తే, "దేవుడు మీ చేతికి బలమివ్వాలి" అని తీసుకుని, మర్నాడు పక్కింటి బాలింతకి ఇచ్చేసేది. కాఫీలో చుక్క వేసినా తాగేది కాదు. నారింజ పూలంటే పడని ఆడది మా ఊళ్లో ఉంటుందా? చిత్రమేమిటంటే ఆ వాసనని ఆమె పట్టినట్టు ఇంకెవరూ పట్టలేరు. నిన్న రాని పిల్ల ఇవాళ గేటు దగ్గరికొచ్చి, "తలనొప్పి, మేడమ్" అంటే, నజీహా నుదురు చూడదు. బడికి తొడిగే నీలం గౌను చెయ్యంచు పట్టుకుని ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. "తలనొప్పి చెట్టెక్కిందా?" అంటుంది.

(ఆ నీలం గౌను ఆడపిల్లలకే, మగపిల్లలకి లేదు. ఎందుకు లేదని నేను హెడ్మాస్టరుని బజారులో నిలదీశాను. ఆయన చేపల సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని వెళ్లిపోయాడు.)

సెప్టెంబరులో గేటు పక్క గోడకి నియమాల కాగితం అంటిస్తారు. ఎవరూ చదవరు; నేను చదువుతాను. నాకు ఆరో తరగతి దాకా చదువొచ్చు. గోడ మీద ఏది అంటించినా, ఆఖరికి చనిపోయినవాళ్ల ప్రకటనైనా, మొదటినుంచి చివరిదాకా చదివితేగాని కదలను. ఒక్క పూట రాకపోయినా మర్నాడు ఇంటిపెద్ద స్వయంగా వచ్చి కారణం చెప్పాలి. అప్పుడే లోపలికి చీటీ. జబ్బయితే మూడు రోజుల్లో డాక్టరు కాగితం. కారణం సరైనది కాకపోతే హెచ్చరిక, ఇంటికి ఉత్తరం. మూడు హెచ్చరికలయితే బడి మండలి కూర్చుంటుంది. ఇంటిపెద్ద కదలకపోతే పేరు కొట్టేస్తారు.

ఇంటిపెద్ద స్వయంగా అంటే ఎలా కుదురుతుంది? మా వీధిలో తండ్రులు వేకువనే పనికి పోతారు. తల్లులు కుండల బట్టీలకో తోటలకో పోతారు. ఇక మిగిలింది నేను. పిల్లలు పొద్దున్నే వచ్చి నా తలుపు తట్టేవాళ్లు. "ఉమ్మీ, ఇవాళ నాకు అమ్మమ్మవి కావూ?" నేను మంచి తెల్ల సఫ్సారీ నెత్తిమీంచి పాదాల దాకా చుట్టుకుని, మొహానికి కాస్త దిగులు పూసుకుని వెళ్లేదాన్ని. ఒకరికి అమ్మమ్మని, ఒకరికి నానమ్మని, ఒకసారి ఒకడికి తండ్రి మేనత్తని. నజీహా రాసుకునేది, చీటీ చింపి ఇచ్చేది, నన్నొకసారి చూసేది. అంతే. నేను గెలిచానని అనుకునేదాన్ని.

ఈ ఏడు పూలు త్వరగా విచ్చాయి. మా సందు చివరింటి దలందా రెండో రోజే నిచ్చెన మీంచి పడింది. తుంటి ఎముక చిట్లింది, నెలన్నర మంచం దిగకూడదన్నారు. ఆమె పెనిమిటి దక్షిణాన ఫాస్ఫేటు గనుల దగ్గర వంటవాడు. పండక్కి తప్ప రాడు. దలందా చేతిలో పద్నాలుగు చెట్లున్నాయి. వాళ్లమ్మ కాలంనుంచీ ఆ చెట్ల పూలు కోసేది వాళ్లే, యజమానికి సగం, వీళ్లకి సగం. ఒక్క రోజు కోత తప్పి పూలు నేల రాలితే వచ్చే ఏడు చెట్లు ఇంకొకరికి పోతాయి. తోటల్లో అదే పద్ధతి. దలందాకి ఒక్కతే కూతురు, వియామ్. పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. జడ నడుము దాటుతుంది, మాట పెదవి దాటదు.

ఒకరోజు నేను బఠాణీలు ఒలుస్తుంటే వియామ్ వచ్చి గడపలో నిలబడింది.

"ఏమే, నిలబడ్డావు? అమ్మ ఎలా ఉంది?"

"బాగానే ఉంది." గుమ్మం చెక్క గీరుతూ, "ఉమ్మీ, నువ్వు రేపు నాకు నానమ్మగా వస్తావా?"

"ఎన్ని పూటలు పోలేదు?"

"ఈసారి రెండ్రోజులు."

"కారణం?"

"జ్వరమని చెప్దాం."

చేతులు చూశాను. వేళ్ల కొనలు పుప్పొడితో పచ్చగా, గోళ్ల అంచులు చెట్టు పసరుతో నల్లగా ఉన్నాయి. నాకు తెలియలేదంటే దేవుడు క్షమించడు. తెలిసింది. "జ్వరమే చెప్దాంలే, ఇలా కూర్చుని నాలుగు కాయలు ఒలువు" అన్నాను. పిల్ల కూర్చుంది. వేళ్లు ఒలుస్తున్నాయి, కళ్లు మూతపడుతున్నాయి. ఒడిలో బఠాణీలు పోసుకుని అలాగే గోడకి చేరబడి నిద్రపోయింది. ఆ వాసన ఆమె జడలోంచి వస్తోందో బయటినుంచి వస్తోందో తెలియలేదు.

మర్నాడు గేటు దగ్గర నజీహా ముందు నిలబడ్డాం.

"ఈ పిల్ల మీకేమవుతుంది, ఉమ్మీ?"

"మనవరాలు."

"అమ్మ తరఫా, నాన్న తరఫా?"

"రెండు తరఫులా" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

"కారణం?"

"జ్వరం, తల్లీ. ఒళ్లు కాలిపోయింది. రాత్రంతా నేనే తడిగుడ్డ వేశాను. కాస్త మగతగా పలవరించింది కూడా."

"ఏమని పలవరించింది?"

"లెక్కలు" అన్నాను.

నజీహా వియామ్ చెయ్యంచు పట్టుకుని ముక్కు దగ్గరికి తీసుకెళ్లింది. ఈసారి ఎగతాళి చెయ్యలేదు. చాలాసేపు వదల్లేదు కూడా. తర్వాత పట్టీ వెనక్కి తిప్పి ఒక పేజీ నా వైపు పెట్టింది. సెప్టెంబరునుంచి నేను వచ్చిన రోజులన్నీ అందులో ఉన్నాయి. అమ్మమ్మ, నానమ్మ, మేనత్త, మళ్లీ అమ్మమ్మ.

"మీకు ఎనిమిది నెలల్లో పదిహేడుమంది మనవలు పుట్టారు, ఉమ్మీ. ఇద్దరు మీకంటే ముందు చచ్చిపోయిన కొడుకుకి. ఆ కొడుకు మీకెప్పుడూ లేడు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"అప్పుడు మనిషి అబద్ధమైనా మాట నిజం. గవదబిళ్లలన్నారు, గవదబిళ్లలే. తమ్ముడి సున్తీ అన్నారు, సున్తీయే. నేను కనుక్కున్నాను. ఇవాళ మీరూ అబద్ధమే, జ్వరమూ అబద్ధమే." పెన్ను మూత తీసింది. "ఈ పిల్లకి ముందే రెండు హెచ్చరికలున్నాయి. రెండు ఉత్తరాలు పంపాను, ఇంటినుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇవాళ తనొక్కతే వచ్చి ఉన్నమాట చెప్పి ఉంటే, తల్లి లేవగానే తెమ్మని గడువు రాసేదాన్ని. దొంగ పెద్దని తెస్తే గడువు లేదు. ఇది మూడోది."

"రాయకు, నజీహా. నన్ను రాసుకో. నా పేరు కొట్టెయ్."

"మీ పేరు బడిలో లేదు" అంది. రాసింది. "మూడు రోజుల్లో వాళ్లమ్మ నా ఎదుటికి రావాలి. రాకపోతే కొట్టేస్తారు. కొట్టెయ్యమనేది పైవాళ్లు. పెన్ను మాత్రం నా చేతిలో ఉంటుంది."

వియామ్ ఏడవలేదు. గేటు ఊచల్లోంచి లోపల వరండాలో నడుస్తున్న నీలం గౌన్ల వైపు చూస్తూ నిలబడింది, రేవులోంచి ఓడని చూసినట్టు.

దారిలో సంగతంతా బయటపెట్టింది. పూలు కోయడం ఏడింటికి అయిపోతుంది. బజారులో తూకం తొమ్మిదికి గాని తెరవరు. మూటలు తీసుకెళ్తానన్న బంధువులమ్మాయి రెండో రోజే మానేసింది. ఆ సంగతి తల్లికి తెలియదు. వచ్చిన ఉత్తరాలు రెండూ పిండి డబ్బా అడుగున ఉన్నాయి. "అమ్మకి చెప్పకు, ఉమ్మీ. చెప్తే లేచి నిచ్చెనెక్కుతుంది."

ఆ రెండు రోజులు నేను ఎవరి కిటికీలోకీ చూడలేదు. మా కోడలు నాకు జబ్బు చేసిందనుకుని నిమ్మరసం తెచ్చి పెట్టింది. దలందా ఇంటి దాకా మూడుసార్లు వెళ్లి, మూడుసార్లూ గడప దగ్గర మనసొప్పక వెనక్కి వచ్చేశాను. మూడో రోజు సాయంత్రం, బడి వదిలాక, మా తలుపు ఎవరో తట్టారు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి నజీహా మా గడప తొక్కింది. చంకలో పచ్చ గుడ్డ చుట్టిన వస్తువేదో ఉంది. పసిబిడ్డని ఎత్తుకున్నట్టు పట్టుకుంది.

"పట్టీయా?" అన్నాను. "ఇది బడి దాటి రాకూడదు కదా?"

"అలా ఎక్కడా లేదు. నిన్న మొత్తం చదివాను. ఇంటిపెద్ద నా ఎదుటికి రావాలని ఉంది. ఎక్కడికి రావాలో లేదు. మంచం మీంచి గుమ్మం వైపు తిరిగినా వచ్చినట్టే."

"ఇదేం చదువే తల్లీ!"

"మీరు చదివిన కాగితమే. పదండి. అబద్ధమాడినవాళ్లు కూడా ఉండాలి."

దలందా కిటికీ పక్క మంచం మీద ఉంది. మమ్మల్ని చూడగానే మొహం వెలిగిపోయింది. "మేడమ్ మా ఇంటికా! వియామ్, కాఫీ పెట్టవే. ఏంటి మేడమ్, మా పిల్లకి బహుమతేమైనా వచ్చిందా?"

వంటింట్లో గిన్నె కింద పడ్డ చప్పుడయింది.

నజీహా పచ్చ గుడ్డ విప్పి, పట్టీ దలందా ఒళ్లో పెట్టి, వేలితో ఒక్కో తేదీ చూపించింది. ఏ తేదీకీ వ్యాఖ్యానం చెయ్యలేదు. దలందా మొదట పిల్లని తిట్టింది, తర్వాత నన్ను. "నువ్వు పెద్దదానివేనా, మన్నూబియా? నా కూతురికి నానమ్మవయ్యే ముందు నన్నొక్క మాట అడగక్కర్లా?" నేను తలొంచుకుని తిట్లు తిన్నాను. కడుపు నిండా తిన్నాను. ఆ తర్వాత ఆమె అన్న మాట మాత్రం ఎవరూ అనుకోనిది.

"సరే, కొట్టెయ్యండి, మేడమ్" అంది, గోడకేసి చూస్తూ. "ఈ ఏడు పోతే వచ్చే ఏడు మళ్లీ చేరుతుంది. బడి ఎక్కడికీ పోదు. ఆ చెట్లు పోతే మళ్లీ రావు. మా అమ్మ చేతి చెట్లు."

పక్కింట్లో కూజాలోకి చుక్కలు పడుతున్న చప్పుడు గోడలోంచి వినిపించింది. వియామ్ కాఫీ పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

నజీహా కాఫీ అందుకుంది. పూలనీటి వాసన గుప్పుమంది. కప్పు పెదాల దాకా తీసుకెళ్లలేదు, ఒళ్లో పెట్టుకుంది. "మాకు తొమ్మిది చెట్లుండేవి" అంది. "పక్క ఊరి తోటల్లో. నాకూ పదమూడే. మా అమ్మా ఇదే అంది, వచ్చే ఏడు చేరుతుందిలే అని. చేరాను, ఐదేళ్లకి. మా మేనమామ ఇంట్లో ఉండి, నాకంటే చిన్నపిల్లల మధ్య, చివరి బల్ల మీద కూర్చుని చదివాను. చెట్టు మీదికి బడి గంట బాగా వినిపించేది. గాలి మీద వచ్చేది. నేను కొమ్మ పట్టుకుని వినేదాన్ని. ఆ ఏడంతా ఎవరో ఒకరు వచ్చి దిగమంటారేమోనని చూశాను. ఎవరూ అనలేదు."

ఇరవై రెండేళ్లుగా నేను వెతుకుతున్న సంగతి తానే వచ్చి ఒళ్లో పడింది. పడ్డాక దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. ఎవరికీ చెప్పాలనిపించలేదు. అది నాకెప్పుడూ జరగలేదు.

దలందా చాలాసేపు పట్టీ అట్ట మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. తర్వాత పెన్ను అడిగింది. సంతకం పెట్టింది. "మూటలు ఎవరు మోస్తారు?" అంది, ఎవరినీ చూడకుండా.

"నేను" అన్నాను. "అబద్ధమాడిన నోటికి శిక్ష వేస్తే ఎవరికి లాభం? నడుముకి వెయ్యండి."

మండలి కూర్చుంది. హెడ్మాస్టరు, ఇద్దరు పంతుళ్లు, నజీహా. నేను బయట బల్ల మీద కూర్చుని, నన్నెవరైనా పిలుస్తారేమోనని తలుపుకేసే చూశాను, పిలవలేదు. పేరు ఉంచారు. పూల కాలం ముగిసేదాకా ఒక్క పూట తప్పినా, ఒక్కసారి గేటు మూసాక వచ్చినా, ఇక మండలి ఉండదు, కొట్టివేతే. తోటలో ఇంకా పన్నెండు రోజుల పూలున్నాయి.

ఆ రోజులు కలలో జరిగినట్టే జరిగాయి. ఐదింటికి తోట చేరేవాళ్లం. చెట్ల కింద దుప్పట్లు పరిచేవాళ్లం. మంచులో చెట్లు కనబడేవి కావు, తెల్లదనం మాత్రం కనబడేది. పైనెక్కడో వియామ్ వేళ్లు కదిలేవి, పూలు చప్పుడు లేకుండా కిందికి వచ్చేవి. ఒక్కోసారి పువ్వు వచ్చిందో తేనెటీగ వచ్చిందో నా బుగ్గకి తెలిసేది కాదు. పక్క తోటలోంచి ఎవరో పేరుపెట్టి పిలిస్తే, ఆ పేరు చెట్ల మధ్య దారితప్పి చాలాసేపు తిరిగేది. దుప్పట్లు నిండుతుంటే వెలుగు కిందినుంచి వస్తోందనిపించేది.

ఏడుంబావుకి మంచులోంచి నజీహా వచ్చేది. రమ్మని ఆమెని ఎవరూ అడగలేదు. నియమాల్లోనూ లేదు. బడికి వెళ్లే దారి ఇది కాదు, దానికి పూర్తిగా ఎదురు వైపు. చెట్టు కింద నిలబడి, మణికట్టు తిప్పి చూసి, "దిగు" అనేది. అంతే మాట. వియామ్ దిగేది, బావి దగ్గర చేతులు కడుక్కునేది, నిచ్చెనకి తగిలించిన గౌను తొడుక్కునేది. ఇద్దరూ ముందూ వెనకా నడిచి మంచులో కలిసిపోయేవాళ్లు. నేను మూటలు కట్టుకుని గాడిద బండి మీద బజారుకి పోయేదాన్ని.

ఐదో రోజో ఆరో రోజో, పిల్ల గౌను తొడుక్కుంటుంటే, నజీహా చెయ్యి తనంతట తాను పైకి లేచింది. తలెత్తు కొమ్మ మీది పూలని రెండు వేళ్లతో, రేకు నలగకుండా, తొడిమ తెగకుండా, పది పన్నెండు కోసింది. చూపు మాత్రం దారి మీదే ఉంది. తర్వాత తన అరచేతిని తనే చూసుకుని, పూలు మెల్లగా దుప్పటి మీద వదిలింది. నేను చూడనట్టు ముడి వేస్తూ కూర్చున్నాను. నా జన్మలో అంత కష్టమైన పని చెయ్యలేదు.

పదకొండో రోజు ఎడారి గాలి వచ్చింది.

తెల్లవారేసరికి మంచు లేదు. ఆకాశం ఇత్తడి పళ్లెంలా ఉంది. గాలి వేడిగా, పొయ్యి ముందు కూర్చున్నట్టు మొహాన కొడుతోంది. ఆ గాలి మధ్యాహ్నం దాకా వీచిందంటే విచ్చిన పువ్వంతా చెట్టు మీదే మాడి గోధుమరంగు తిరుగుతుంది. ప్రతి తోటలోనూ ఎవరి చెట్లని వాళ్లు దులుపుకుంటున్నారు. సాయానికి ఎవరూ లేరు. ఏడు గంటలకి మా పద్నాలుగింట్లో ఆరు చెట్లే అయ్యాయి.

ఏడుంబావుకి నజీహా వచ్చింది. గాలికి కొంగు తల చుట్టూ కొట్టుకుంటోంది. "దిగు."

"ఇవాళ ఒక్కరోజు, మేడమ్" అంది పైనుంచి వియామ్. "ఎనిమిది చెట్లున్నాయి. ఉమ్మీ ఎక్కలేదు. ఒక్కరోజు."

"ఒక్కరోజు అనే గడి పట్టీలో లేదు, వియామ్. ఉన్నా లేకున్నా ఎనిమిదీ ఐదుకి గేటు మూస్తాను. నువ్వు బయట ఉన్నా మూస్తాను."

"నాకు తెలుసు."

నజీహా గడియారం చూసుకుంది, చెట్టు వైపు చూసింది, తిరిగి వెళ్లిపోయింది. ఆమె నడక ఎప్పుడూ మారని నడక. ఆ రోజు మలుపు దగ్గర ఒక్క అడుగు ఆగింది. తర్వాత సాగింది. ఆమె కోసం గేటు దగ్గర మూడొందలమంది పిల్లలున్నారు.

వియామ్ కోస్తూనే ఉంది. కన్నీళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఆపడం లేదు. నేను కిందినుంచి బతిమాలాను, బెదిరించాను, దేవుడి మీద ఒట్టు పెట్టాను. ఏడుముప్పావు దాటింది. అప్పుడు దారిలో ఒక బండి ఆగింది. రొట్టెలబ్బాయి బండి మీంచి దలందా దిగింది, రెండు చేతుల్లో రెండు కర్రలు, మొహం సున్నంలా తెల్లగా ఉంది. గాలికి మంచం మీద పడుకోలేకపోయిందట.

"వియామ్."

"అమ్మా! నువ్వెందుకు లేచావ్?"

"దిగు."

"చెట్లు పోతాయమ్మా."

"పోతే పోతాయి. నువ్వు దిగుతావా, నన్ను ఎక్కమంటావా?"

ఒక కర్ర పక్కన పడేసింది. నిచ్చెన పట్టుకుంది. చిట్లిన తుంటితో మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. నొప్పికి ఆమె నోట్లోంచి మూలుగు వచ్చింది. రెండో కాలు లేపబోయింది.

పిల్ల చెట్టు మీంచి జారింది. దిగడం కాదు, జారడమే. తల్లి మెడ చుట్టూ ఒక్కసారి చేతులు వేసి, గౌను చేత్తో పట్టుకుని, తొడుక్కోకుండానే పరుగందుకుంది. జడ విడిపోయి గాలిలో వెనక్కి ఎగిరింది. ఒక్క క్షణంలో దుమ్ములో మాయమైంది.

మొదటి గంట వినిపించింది. గాలి మీద, పలుచగా.

దలందా దుప్పటి అంచున చతికిలబడింది. "అందుకుంటుందా, మన్నూబియా? కనబడుతోందా నీకు?"

నేల మీంచి ఏం కనబడుతుంది? నాకు డెబ్బయి ఒకటి. పదేళ్లుగా స్టూలు కూడా ఎక్కలేదు. సఫ్సారీ తీసి కొమ్మకి తగిలించి నిచ్చెనెక్కాను. కొమ్మల్లోంచి తల బయటపెట్టాను. నా చుట్టూ వేడిగాలికి తెల్లటి పూలు ఊగుతున్నాయి, ఊరంతా వాటి మధ్య తేలుతున్నట్టుంది. దూరాన సముద్రం, బడి గోడ, నీలం గేటు. గేటు రెక్క మీద చెయ్యి వేసి ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉంది. ముందుకు తొయ్యడం లేదు, వెనక్కి లాగడం లేదు. మణికట్టు మొహం ముందుకి ఎత్తి పట్టుకుంది. వీధంతా పిల్లలు, గౌన్లు, సంచులు, దుమ్ము. అందులో ఏది మన పిల్లో నా కళ్లకి అందలేదు.

"ఏంటి, చెప్పవేం?" అంది కిందినుంచి దలందా.

"ఉండు. మనిషిని మనిషి తోసుకుంటున్నారు."

రెండో గంట మోగింది. ఆ పొడుగాటి మనిషి చెయ్యి దించింది. గేటు కదిలింది, నెమ్మదిగా, చివరిదాకా. వీధిలో దుమ్ము కాసేపు అలాగే నిలబడి, తర్వాత కిందికి దిగింది. గేటుకి ఈవల ఊచలు పట్టుకుని ఎవరైనా ఉన్నారేమోనని గోడ పొడుగునా, తోటనుంచి పోయే దారి పొడుగునా వెతికాను. పిల్లి కూడా లేదు.

"మూసింది" అన్నాను. "బయట ఎవరూ మిగల్లేదు."

దలందా కర్ర మీద ఆనుకుని లేచి, అందిన కొమ్మ వంచుకుని కోయడం మొదలుపెట్టింది. పైన నేను, కింద ఆమె. అలా కోస్తూనే ఉన్నాం.